నేర్పు ఎవరిది?

1

నైపుణ్యం అనే మాట గత పదేళ్లలో మన కళాశాలల్లో ఒక మంత్రమై కూర్చున్నది. మంత్రానికి అర్థం అడగటం అపచారం. జపించటమే మన వంతు. మంత్రులు జపిస్తున్నారు, ప్రిన్సిపాళ్లు జపిస్తున్నారు, పత్రికల సంపాదకీయాలు జపిస్తున్నాయి. "మన యువకులకు డిగ్రీలున్నాయి గాని నైపుణ్యం లేదు, అందుకే ఉద్యోగాలు రావటం లేదు" అనేది మంత్రంలో మొదటి సగం. "కాబట్టి జీవితాంతం నేర్చుకుంటూనే వుండాలి" అనేది రెండో సగం. అభ్యుదయవాదులమని చెప్పుకునే మనం కూడా ఈ జపంలో గొంతు కలుపుతున్నాం గనుక విమర్శను మన ఇంటి నుంచే మొదలుపెట్టటం న్యాయం.

క్రిందటి విద్యా సంవత్సరంలో మా కళాశాలకు ఒక ప్రపంచ కంపెనీ తరపున శిక్షకుడొకాయన వచ్చాడు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల పల్లెల నుంచి బస్సులెక్కి వచ్చి చదువుకునే పిల్లలు మావాళ్లు. వారానికి రెండు తెలుగు పీరియడ్లు ఆ శిక్షణకు కేటాయించారు. పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టి హాజరు తీసే పని నాకు అప్పగించారు. "చదువు డిగ్రీతో అయిపోదు, చనిపోయేదాకా నేర్చుకునేవాడే గెలుస్తాడు" అన్నాడాయన. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

తరవాత ఒక ఫారం పంచారు. పేరు, ఊరు, కులం, తండ్రి వృత్తి. ఆపైన "మీకు వచ్చిన నైపుణ్యాలు" అని ఒక గడి. నడిగడ్డలోని ఒక పల్లె నుంచి వచ్చే కుర్రవాడు ఆ గడిలో "ఏమీ లేవు" అని రాశాడు. అతని సంగతి నాకు తెలుసు. ఊహ తెలిసినప్పటి నుంచీ అమ్మ వెంట సీడ్ పత్తి చేనులోకి పోయినవాడు. పొద్దుగూకేవేళ పత్తి మొగ్గను విప్పి, లోపలి ఆడభాగానికి గీటు పడకుండా మగభాగాన్ని గోటితో తీసెయ్యటం, మర్నాడు పొద్దున మగపువ్వు తెచ్చి పుప్పొడి అద్దటం అతనికి వచ్చు. "ఇది రాయవచ్చు గదా?" అన్నాను. "అది కూలిపని సార్. నైపుణ్యం కాదు" అన్నాడు. కోఆర్డినేటరు హోదాలో ఆ ఫారం కింద నేను సంతకం పెట్టాను.

ఆ సంతకాన్ని గురించే ఈ వ్యాసం.

2

నేను ఎందుకు చప్పట్లు కొట్టాను? ఆ నినాదం ఒకప్పుడు మనదే గనుక. జీవితమంతా చదువు అనేది కంపెనీల గుమ్మంలో పుట్టిన ఆలోచన కాదు. 1972లో ఎడ్గార్ ఫోర్ అధ్యక్షతన యునెస్కో సంఘం ఇచ్చిన నివేదిక చదువును మనిషి బాల్యానికి కట్టేసి వుంచవద్దని, అది మనిషి పూర్తిగా మనిషి కావటానికి సాగే ప్రయత్నమని చెప్పింది. ఆ మరుసటి సంవత్సరం, 1973లో, ఇటలీ లోహ పరిశ్రమ కార్మికులు పోరాడి తమ వేతన ఒప్పందంలో "నూట యాభై గంటలు" అనే హక్కు రాయించుకున్నారు. కార్మికుడు చదువుకోవటానికి 150 గంటల కాలానికి జీతం యజమాని ఇవ్వాలి. ఏం చదవాలో యజమాని చెప్పగూడదు. ఆ గంటల్ని కార్మికులు ఏం చేశారు? చాలామంది ఆగిపోయిన బడిచదువు పూర్తిచేశారు. చరిత్ర చదివారు, అర్థశాస్త్రం చదివారు, తమ ఫ్యాక్టరీలో గాలి తమ ఊపిరితిత్తుల్ని ఏం చేస్తున్నదో చదివారు. 1974లో అంతర్జాతీయ కార్మిక సంస్థ జీతంతో కూడిన విద్యా సెలవు గురించి 140వ నంబరు ఒడంబడిక చేసింది. భారత ప్రభుత్వం ఆ ఒడంబడికను ఈనాటికీ ఆమోదించలేదు.

అంటే, ఆనాడు జీవితకాల విద్య కార్మికుని హక్కు, యజమాని బాధ్యత. ఈనాడు అదే మాట కార్మికుని బాధ్యత, యజమాని హక్కు అయింది. మాట మారలేదు; మాట కింద వున్న వర్గ సంబంధం తలకిందులయింది. సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. పదం నిలిచి అర్థం దొంగిలించబడటాన్ని మనం తరగతిలో అర్థవిపరిణామం అని పాఠం చెబుతాం. కాని కళ్లముందు జరిగే అర్థవిపరిణామానికి చప్పట్లు కొడతాం.

తలకిందులైన అర్థం ఆచరణలో ఎలా వుంటుందో చూడండి. 2019 జూలైలో అమెజాన్ కంపెనీ 2025 నాటికి అమెరికాలోని తన ఉద్యోగులు లక్షమందికి కొత్త నైపుణ్యాలు నేర్పుతానని, అందుకు 70 కోట్ల డాలర్లు వెచ్చిస్తానని ప్రకటించింది. అదే సంవత్సరం హైదరాబాదులో ప్రపంచంలోనే తన అతిపెద్ద కార్యాలయ భవనం ప్రారంభించింది. 2023 మార్చి నాటికి, కొద్ది నెలల వ్యవధిలో, సుమారు 27,000 మందిని తీసివేస్తున్నట్లు ప్రకటించింది. 2025 అక్టోబరులో మరో 14,000 మంది. నేర్చుకోనందుకు వీళ్లను తీసెయ్యలేదు. వీళ్లలో రోజూ నేర్చుకుంటున్నవాళ్లే ఎక్కువ. సాఫ్ట్‌వేర్ పనిలో నేర్చుకోనివాడు ఆరునెలలు కూడా నిలవడు. లాభాల లెక్క మారింది గనుక తీసేశారు. ఉద్యోగ భద్రత నేర్పు మీద ఆధారపడి వుందనే మంత్రంలోని మొదటి సగం ఇక్కడే అబద్ధమని తేలిపోతున్నది.

మన పాలకులు ఈ కొత్త అర్థాన్ని చట్టంలోనే రాశారు. 2020లో పార్లమెంటు ఆమోదించి, 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో "రీస్కిల్లింగ్ ఫండ్" అనే ఏర్పాటు వుంది. ఉద్యోగం నుంచి తొలగించిన కార్మికునికి కొత్త పని నేర్చుకోవటానికి యజమాని ఇవ్వవలసింది ఎంత? పదిహేను రోజుల జీతం. అదే కోడ్‌లో, కార్మికుల్ని తొలగించటానికి ప్రభుత్వ అనుమతి అవసరమయ్యే ఫ్యాక్టరీల హద్దును 100 మంది నుంచి 300 మందికి పెంచారు. తొలగించటం సులువు చేశారు, తొలగించిన తరవాత నేర్చుకోవటానికి పదిహేను రోజులిచ్చారు. జీవితకాల విద్యకు మన రాజ్యం కట్టిన వెల ఇది. జీవితకాలం అంటే పక్షం రోజులన్నమాట!

3

ఇక "నైపుణ్యం లేదు" అనే మాట దగ్గరకు వద్దాం. ఈ మాటను మరో జిల్లాలో అంటే ఎలా వుంటుందో గాని పాలమూరులో అనటానికి చాలా ధైర్యం కావాలి.

నాగార్జునసాగర్ మొదలుకొని దేశంలోని ఎన్నో ఆనకట్టలు, కాలవలు, సొరంగాలు, రహదారులు కట్టిన చేతులు ఈ నేలవి. గుంపు మేస్త్రీ ఊళ్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి, భార్యాభర్తల్ని జంటలు జంటలుగా లారీలెక్కించి తీసుకుపోయేవాడు. "పాలమూరు లేబర్" అని దేశమంతా పేరు. ఏ బండను ఎక్కడ కొడితే చీలుతుందో, ఏ మట్టి ఎంత తడికి గట్టిపడుతుందో, గోడ నిలువు తప్పిందో లేదో కంటితో చూసి చెప్పగల మనుషుల్ని లేబర్ అన్నారు. ఇంజనీరు అనలేదు సరే, పనివాడని కూడా అనలేదు. దేశమంతటా ఆనకట్టలు కట్టిన ఈ జిల్లా మనుషుల ఊళ్లే, కొల్లాపూర్ వైపు, 1981 ప్రాంతంలో శ్రీశైలం జలాశయం కింద మునిగాయి. మునిగినవాళ్లు మళ్లీ మేస్త్రీ లారీ ఎక్కారు.

గద్వాల మగ్గం చూడండి. నూలు ఒంటికి పట్టు అంచును కుప్పడం పద్ధతిలో, పోగుకు పోగు మెలివేసి జత చేస్తారు. నూలు ఒకలా సాగుతుంది, పట్టు ఒకలా సాగుతుంది. రెంటినీ ఒకే బిగువులో పట్టి నెయ్యాలి. ఈ పనితనం కోసం సంస్థానం నేతగాళ్లను కాశీకి పంపిందని గద్వాలలో చెప్పుకుంటారు. పంపిందే అనుకుందాం. కాశీ నుంచి తెచ్చింది కొంత. దాన్ని తరతరాలుగా ఇంటింటా నిలబెట్టింది మాత్రం సంస్థానం కాదు, నేసేవాడూ వాని ఇంట్లో ఆసుపోసే ఆడమనిషీ. ఆ చీరకు ప్రభుత్వం భౌగోళిక గుర్తింపు ఇచ్చింది. చీరకు గుర్తింపు వచ్చింది, నేసిన చేతికి రాలేదు. నాగర్‌కర్నూలు జిల్లా నల్లమలలో తాళ్లకు వేలాడుతూ కొండచరియల మీది తేనె తీసే చెంచువాడు కూడా ప్రభుత్వ లెక్కల్లో నైపుణ్యం లేని మనిషే.

మన భాషలో ఒక విశేషం వుంది. "నేర్పు" అనే మాట క్రియగా వాడితే మరొకరికి చెప్పి ఇవ్వటం. నామవాచకంగా వాడితే చేతిలో వున్న పనితనం. ఒకే మాట. అంటే తెలుగువాని బుద్ధిలో నేర్పు అనేది ఒకరు మరొకరికి ఇచ్చినది, మరొకరికి ఇవ్వవలసినది. అది గురువు చేతి నుంచి, తల్లి చేతి నుంచి, పక్క మగ్గం మీది మనిషి నుంచి వస్తుంది. కంపెనీవాళ్ల నైపుణ్యం అలాంటిది కాదు. అది సర్టిఫికెట్టు మీద అచ్చు అయినప్పుడు మాత్రమే వుంటుంది. అచ్చు వెయ్యని చోట లేదు. అచ్చు వేసే అధికారం ఎవరిదో నైపుణ్యం వుందో లేదో చెప్పే అధికారమూ వారిదే. కనీస వేతనాల పట్టికల్లో "అన్‌స్కిల్డ్" అనే గడి పని స్వభావాన్ని చెప్పదు. ఆ పనికి యజమాని ఎంత తక్కువ ఇవ్వదలచుకున్నాడో చెబుతుంది. నేర్పు లేక కూలి తగ్గలేదు. కూలి తగ్గించటానికి నేర్పు లేదన్నారు.

అందుకే నా విద్యార్థి "ఏమీ లేవు" అని రాశాడు. అది వినయం కాదు. అతని చేతిని అతనే నమ్మకుండా చేసిన చదువు ఫలితం. ఆ చదువు చెప్పినవాళ్లలో నేనూ వున్నాను.

4

ఆ గడిలో అతడు రాయకుండా వదిలేసిన పని ఎవరి కోసం చేసింది? ఇది అసలు ప్రశ్న. ఎందుకంటే నడిగడ్డకు ప్రపంచ కంపెనీ నిన్నమొన్న శిక్షకుని రూపంలో రాలేదు. విత్తనం రూపంలో ఎప్పుడో వచ్చింది.

కృష్ణా తుంగభద్రల మధ్య నేల హైబ్రిడ్ పత్తి విత్తనానికి పెట్టింది పేరు. హైబ్రిడ్ విత్తనం యంత్రంతో తయారుకాదు. ఒక్కొక్క మొగ్గకూ రెండు పూటల మనిషి చెయ్యి తగలాలి. ఒక ఎకరంలో నెలల తరబడి, ప్రతిరోజూ, లెక్కలేనన్ని మొగ్గలు. పూట తప్పితే పువ్వు పనికిరాదు. పొట్టివాళ్లు, సన్నవేళ్లవాళ్లు, ఎదురు చెప్పనివాళ్లు కావాలి. ఆ లెక్కన చేలల్లోకి పిల్లలు వచ్చారు, అందులో ఆడపిల్లలే ఎక్కువ. కంపెనీ హైదరాబాదులో వుంటుంది. దాని తల్లి మరో ఖండంలో వుంటుంది. మధ్యలో ఆర్గనైజరు. అతను అడ్వాన్సు ఇస్తాడు, వడ్డీ వేస్తాడు, విత్తనం తీసుకుపోతాడు. మొలకశాతం పరీక్ష, స్వచ్ఛత పరీక్ష పాసయినాక లెక్క తేలుస్తాడు. పరీక్ష పోతే నష్టం రైతుది. చట్టం దృష్టిలో ఆ చేలో వున్న ఏ ఒక్కరూ కంపెనీ ఉద్యోగి కాదు. కాని ఆ చేతులు ఒక్క వారం ఆగిపోతే కంపెనీకి అమ్ముకోవటానికి విత్తనం లేదు.

2003లో దావులూరి వెంకటేశ్వర్లు చేసిన అధ్యయనం ఈ చేలల్లో బాలకార్మికులకూ బహుళజాతి విత్తన కంపెనీలకూ వున్న సంబంధాన్ని పేర్లతో సహా బయటపెట్టింది. యూరపులో అలజడి అయింది. ఆ తరవాత కంపెనీలు కదిలాయి. బేయర్ కంపెనీ "చైల్డ్ కేర్ ప్రోగ్రామ్" పెట్టింది. చేల నుంచి బయటికి తెచ్చిన పిల్లలకు బడులు, పెద్దవాళ్లకు వృత్తి శిక్షణ అంటూ "లెర్నింగ్ ఫర్ లైఫ్" అనే పేరుతో కార్యక్రమాలు నడిపింది. జీవితం కోసం చదువు! ఒక్క పిల్ల చేను వదిలి బడికి పోయినా అది మంచిదే. దాన్ని చిన్నబుచ్చటం నా ఉద్దేశం కాదు. తనిఖీలు, స్వచ్ఛంద సంస్థలు, పత్రికలు, తల్లిదండ్రుల పట్టుదల కలిసి కొంత మార్పు తెచ్చిన మాట నిజం.

కాని 2005లో వెలువడిన మరొక అధ్యయనం అడిగిన ప్రశ్నను మనం మరిచిపోగూడదు. రైతుకు కంపెనీ ఇచ్చే ధరలో పెద్దవాళ్ల కూలి గిట్టుబాటు అవుతుందా? గిట్టుబాటు కాకపోతే రైతు చౌక చేతుల్ని వెతుక్కుంటాడు, చౌక చేతులు పిల్లలవే. అంటే, సమస్య మూలం పిల్లల తల్లిదండ్రుల అజ్ఞానంలో లేదు, కొనుగోలు ధరలో వుంది. ధర పెంచటం కంపెనీ చేతిలో పని. బడి పెట్టటం కూడా కంపెనీ చేతిలో పనే. బడి పెడితే ఫొటో వస్తుంది. ధర పెంచితే లాభం తగ్గుతుంది. ధర గురించి మాట్లాడటం ఇష్టంలేనివారికి శిక్షణ గురించి మాట్లాడటం అంత ఇష్టమెందుకో ఇప్పుడు అర్థమవుతుంది. 2018లో బేయర్ మోన్‌శాంటోను కొనేసింది. కంపెనీలు ఒకదాన్నొకటి మింగి పెద్దవవుతున్నాయి; నడిగడ్డ రైతు బేరమాడే శక్తి మాత్రం ఎకరానికి ఎకరంగా చీలి వుంది.

ప్రపంచ కంపెనీ తన శ్రామికులకు ఇచ్చే శిక్షణ గురించి మాట్లాడేవారంతా మొదట ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి: ఎవరు మీ శ్రామికులు? హైటెక్ సిటీ గాజు మేడలోనివారు మాత్రమేనా? మొగ్గ విప్పిన చేతులు మీ జాబితాలో ఎక్కడ?

5

"అదంతా వ్యవసాయం, పరిశ్రమ సంగతి వేరు" అనేవారున్నారు. పరిశ్రమ సంగతే చూద్దాం.

1961 అప్రెంటిసుల చట్టం 18వ సెక్షను ప్రకారం అప్రెంటిసు శిక్షణ పొందేవాడే గాని కార్మికుడు కాడు. కార్మిక చట్టాలు అతనికి వర్తించవు. శిక్షణ అయినాక ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నిర్బంధం ఆనాడే లేదు. 2014 సవరణతో ఆ విషయంలో ఎవరి విధానం వారే చేసుకోవచ్చునని యజమానులకు వదిలేశారు. పక్క యంత్రం మీద పర్మనెంటు కార్మికుడు చేసే పనే ఇతనూ చేస్తాడు. యంత్రానికి తేడా తెలియదు. చట్టానికి మాత్రం తెలుసు. సంవత్సరం తరవాత ఇతను వెళతాడు, మరో "నేర్చుకునేవాడు" వస్తాడు. నేర్చుకోవటం ఎప్పటికీ ముగియదు. జీవితాంతం నేర్చుకోవటమంటే ఇదే కాబోలు!

2024-25 కేంద్ర బడ్జెటులో ప్రకటించిన ఇంటర్న్‌షిప్ పథకం ఇంకా ముందుకు పోయింది. అయిదు సంవత్సరాలలో కోటిమంది యువకులను దేశంలోని 500 అగ్రశ్రేణి కంపెనీలకు పంపుతామన్నారు. నెలకు 5,000 రూపాయల భత్యం. అందులో 4,500 ప్రభుత్వ ఖజానా ఇస్తుంది, కంపెనీ తన సామాజిక బాధ్యత నిధి నుంచి 500 ఇస్తుంది. దేశంలోని అత్యంత ధనిక కంపెనీలకు నెలకు అయిదు వందలకు ఒక పట్టభద్రుడు! పాలమూరు గుంపు మేస్త్రీ అడ్వాన్సు తన జేబులోంచి ఇచ్చేవాడు. ఇక్కడ అడ్వాన్సు కూడా ప్రజలే ఇస్తున్నారు. మేస్త్రీ స్థానంలో రాజ్యం వచ్చి నిలబడింది.

కేంద్రం 2015 నుంచి నడిపిన కౌశల్ వికాస్ యోజన మీద కాగ్ నివేదిక 2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చింది. శిక్షణ పొందినవారి బ్యాంకు ఖాతాల గడులు అత్యధిక భాగం ఖాళీగానో సున్నాలతోనో వున్నాయని అది తేల్చింది. నా విద్యార్థి ఫారంలో నైపుణ్యాల గడి ఖాళీ. ప్రభుత్వ ఫారంలో డబ్బు చేరవలసిన గడి ఖాళీ. ఈ రెండు ఖాళీల మధ్య శిక్షణ వ్యాపారం నిండుగా నడుస్తున్నది.

మన రాష్ట్రంలో 2024లో ప్రభుత్వం టాటా టెక్నాలజీస్‌తో ఒప్పందం చేసుకుని 65 ఐటీఐలను ఆధునిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. ఖర్చు 2,300 కోట్ల రూపాయల పైచిలుకు. అదే సంవత్సరం స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం చేసి, దాని పాలకమండలికి ఆనంద్ మహీంద్రాను అధ్యక్షునిగా నియమించింది. తుప్పుపట్టిన లేతు మీద కూర్చున్న ఐటీఐ కుర్రవాడికి కొత్త యంత్రం రావటం మంచిదే. దాన్ని కాదనేవాడు మూర్ఖుడు. నా ప్రశ్న యంత్రం గురించి కాదు. పాఠ్యప్రణాళిక నిర్ణయించే బల్ల చుట్టూ పారిశ్రామికవేత్తకు కుర్చీ వున్నప్పుడు కార్మిక సంఘానికి కుర్చీ ఎందుకు లేదు? విశ్వవిద్యాలయాన్ని నడపటానికి యజమానికి అర్హత వుంటే, యంత్రాన్ని నడిపేవాడికి ఎందుకు లేదు?

6

ఇంతవరకు చెప్పింది మనవాళ్లకు సంతోషం కలిగించే మాటలు. ఇక సంతోషం కలిగించని మాటలు.

మనలో ఒక వర్గం మిత్రులు వృత్తి విద్య అనగానే "పెట్టుబడికి కూలీల తయారీ" అని ముఖం తిప్పుకుంటారు. నైపుణ్య శిక్షణను బహిష్కరించి సాహిత్యం పీరియడ్లు తిరిగి తెచ్చుకుంటే విప్లవం సగం అయిపోయినట్లే వీరికి. ఈ వాదంలో వర్గదృష్టి కంటే వర్ణదృష్టి ఎక్కువ వుందని నా అనుమానం. చేతితో పనిచేసేవానికి చదువు లేకుండా, చదువుకున్నవానికి చేతిపని లేకుండా వేల సంవత్సరాలు నడిపిన సమాజం మనది. గద్వాల సంస్థానానికి "విద్వద్గద్వాల" అని పేరు. పండితులకు శాలువలు కప్పింది. శాలువ నేసినవానికి ఆ సభలో కుర్చీ లేదు. ఆ సభను మనం తెలుగు శాఖలో ఈనాటికీ నడుపుతూనే వున్నాం. ఐటీఐ పిల్లవాడు మన సభలకు రాడు. మనం ఐటీఐకి పోము.

మార్క్స్ 1867లోనే "పెట్టుబడి" మొదటి సంపుటంలో పాలిటెక్నిక్ బడుల గురించి రాస్తూ చదువునూ ఉత్పత్తి శ్రమనూ కలపటంలోనే రేపటి విద్య బీజం వుందన్నాడు. గ్రామ్సీ జైలులో కూర్చుని దీనికి రెండోవైపు చూపాడు: పేదవాని పిల్లలకు వృత్తి బడి, పెద్దవాని పిల్లలకు సాహిత్య బడి అని విడదీస్తే అంతరాలు శాశ్వతమవుతాయని, అందరికీ ఉమ్మడి బడి కావాలని. ఈ రెండూ కలిపి చదవాలి. వనపర్తి సంస్థానం ప్యాలెసులో 1959 నుంచీ పాలిటెక్నిక్ నడుస్తున్నది. దొర కొలువున్న చోట పల్లెటూరి పిల్లవాడు సర్వే గొలుసు పట్టటం నేర్చుకున్నాడు. అది చిన్న సంగతి కాదు. వృత్తి విద్య మన శత్రువు కాదు. నేర్పును మనిషి నుంచి విడగొట్టి, ముక్కలు చేసి, ముక్కకు ఇంత అని అమ్మే పద్ధతి మన శత్రువు.

రెండో వర్గం మిత్రులు ఇందుకు పూర్తిగా భిన్నం. "పిల్లలకు ఏదో ఒక పని దొరకనివ్వండి, మీ సిద్ధాంతాలు తరవాత" అంటారు. వీరిది దయ. వీరి మాట తేలికగా తీసెయ్యలేను. మా పిల్లల్లో చాలామంది పోలేపల్లి మందుల కంపెనీలకో, శంషాబాదు గోదాములకో పోవలసినవారే. అక్కడ ఆ నెల జీతం ఇంట్లో అప్పు తీర్చాలి. కాని దయగల మిత్రులు ఒకటి గమనించాలి. మా శిక్షణ తరగతుల్లో ఇంటర్వ్యూలో ఎలా నవ్వాలో నేర్పారు. జీతం చిట్టీ ఎలా చదవాలో నేర్పలేదు. పీఎఫ్ ఎంత కోస్తారో, ఓవర్‌టైముకు ఎంత రావాలో, యంత్రంలో వేలు తెగితే ఎవరిని అడగాలో నేర్పలేదు. ఇవి కూడా ఉద్యోగానికి కావలసిన నైపుణ్యాలే గదా? పని దొరకటం నేర్పి, పనిలో నిలబడటం నేర్పకపోవటం దయ కాదు, సగం దయ. సగం దయ ఎప్పుడూ యజమానికే లాభం.

7

మరి మనం ఏం చెయ్యాలి? నినాదాన్ని తిరిగి తెచ్చుకోవాలి. అసలు అర్థంతో సహా.

శిక్షణ కాలం పనికాలమే గనుక అప్రెంటిసును కార్మికునిగా చట్టం గుర్తించాలి. జీతంతో కూడిన విద్యా సెలవు హక్కు కావాలి. ఏం చదవాలో కార్మికుడే నిర్ణయించాలి. సర్టిఫికెట్టు ఇచ్చేవాడు దానికి తగిన వేతనపు మెట్టు కూడా ఇవ్వాలి. వేతనం పెంచని నైపుణ్యం యజమానికి బహుమానం మాత్రమే. పాఠ్యప్రణాళిక సంఘాల్లో కార్మిక సంఘాల ప్రతినిధులు వుండాలి. విత్తన కంపెనీలు చేనులో పనిచేసే మనిషి దాకా తమ బాధ్యతను ఒప్పుకుని, పెద్దవాళ్ల కూలి గిట్టే ధర ఇవ్వాలి. ఇవి కార్మిక సంఘాలు, రైతు సంఘాలు, విద్యార్థి సంఘాలు కలిసి పోరాడవలసిన కోర్కెలు.

రచయితలుగా, ఉపాధ్యాయులుగా మన వంతు వేరే వుంది. సురవరం ప్రతాపరెడ్డి ఈ నడిగడ్డ బిడ్డ. 1949లో ఆయన "ఆంధ్రుల సాంఘిక చరిత్ర" వెలువరించి, రాజుల యుద్ధాలు పక్కకు నెట్టి, జనం తిండి, బట్ట, ఆట, పాట, వృత్తులు చరిత్ర అని నిరూపించాడు. 1952లో వనపర్తి ప్రజలు ఆయన్ను శాసనసభకు పంపారు. ఆ పుస్తకాన్ని మనం పరీక్షలో ఒక ప్రశ్నగా మార్చుకున్నాం. ఆయన చేసిన పనిని కొనసాగించలేదు. పాలమూరు మేస్త్రీల భాష, బండ పగలగొట్టేవాని మాటలు, మగ్గం గుంట పదాలు, క్రాసింగు చేలో ఆడవాళ్లు చెప్పుకునే సంగతులు మన పాఠ్యగ్రంథాల్లో ఎక్కడ? మన పిల్లల చేతి నేర్పుకు మన సాహిత్యంలో పేరు లేకపోతే, కంపెనీ ఫారంలో పేరు ఎక్కడినుంచి వస్తుంది? ఐటీఐల్లో, పాలిటెక్నిక్కుల్లో తెలుగులో శ్రమ చరిత్ర, కార్మిక చట్టం చెప్పే సాయంకాలపు తరగతులు మనం పెట్టవచ్చు. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు, ఒక గది, ఒక బల్ల చాలు. మనం చెప్పేది సగం వుంటుంది; వాళ్ల దగ్గర నేర్చుకునేది సగం వుంటుంది. నేర్పు అనే మాటకు వున్న రెండర్థాలూ అప్పుడు ఒకటవుతాయి.

ఈ సంవత్సరం కూడా ఆ శిక్షణ వస్తున్నదని మాకు కాగితం వచ్చింది. కోఆర్డినేటరుగా మళ్లీ నా పేరే వేశారు. నేను తప్పుకోవటం లేదు. తప్పుకుంటే నా చేతులు శుభ్రంగా వుంటాయి గాని ఫారం మారదు. శిక్షణకు ముందు రెండు పీరియడ్లు నాకు ఇవ్వమని అడిగాను, ఇచ్చారు. ఆ రెండు పీరియడ్లలో ప్రతి విద్యార్థీ తన ఇంట్లో, తన చేలో, తన మగ్గం మీద, తన అమ్మ చేతుల్లో చూసిన పనిని గురించి తెలుగులో ఒక పేజీ రాస్తారు: ఆ పని ఎలా చేస్తారు, ఎవరు నేర్పారు, ఎంత కూలి ఇస్తారు, లాభం ఎవరికి పోతుంది. ఆ పేజీని ఫారానికి జతచేస్తాను. కంపెనీ దాన్ని చించి పారెయ్యవచ్చు. కాని అది రాసిన కుర్రవాడు ఆ గడిలో మళ్లీ "ఏమీ లేవు" అని రాయడు. రాసినా, ఈసారి నేను దాని కింద సంతకం పెట్టను.